అత్తా అల్లుడూ ఒకే బెంచీ

లిఫ్టు మెకానిక్కుకి అసలు పనిముట్లు అతని చెవులే. తలుపు తెరవకుండానే గోడకు తల ఆనించి, మూడో అంతస్తు దగ్గర రోలరు అరిగిందనీ, పైన బ్రేకు పట్టేస్తోందనీ చెప్పేసేవాడు. కంపెనీలో అందరూ అతన్ని 'డాక్టరు' అనేవారు. "మనోడు గోడకు చెవి పెట్టాడంటే జబ్బు దొరికినట్టే" అని అతనితో జతగా పనిచేసే లావుపాటి మెకానిక్కు గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కూతురికి ఏమీ వినిపించదని రెండో ఏట తెలిసింది.

తెలిసిన రోజున మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేలా ఏడ్చారు. ఏడుపు ఆగాక మాత్రం చెరో దారి పట్టారు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. సాయంత్రం డ్యూటీ దిగగానే సైగల భాష నేర్పే చోటికి పాపను చంకనేసుకుని పరుగెత్తేది. అతను ఊళ్ళో ఉన్న వినికిడి మిషన్ల దుకాణాలన్నీ తిరిగాడు. ఒకదాన్ని మించిన మిషను ఇంకోటి కొన్నాడు. పాప ముందు కూర్చుని "నా-న్న, నా-న్న" అంటూ పెదాలు నొప్పెట్టేలా పలికించాడు.

"సైగలు అలవాటైతే అది ఇక నోరు తెరవదు" అనేవాడు.

"నోరు తెరిచేదాకా దాన్ని మూగగా కూర్చోబెట్టమంటావా?" అనేది ఆమె.

ఆ ఒక్క మాట మీదే నాలుగేళ్ళు కొట్లాడుకున్నారు. కొట్లాటకు అదొక్కటే కారణం కాదు గానీ, మిగతా కారణాలన్నీ దాని చుట్టూ చేరి పెరిగాయి. చివరికి ఇద్దరూ ఒప్పుకునే విడాకులు తీసుకున్నారు. పాప తల్లి దగ్గర ఉండేటట్టు, ఆదివారం పదింటి నుంచి అయిదింటి దాకా తండ్రి దగ్గర గడిపేటట్టు కోర్టు రాసిచ్చింది.

రెండేళ్ళు అలా నడిచింది. పాపకు ఎనిమిదేళ్ళు వచ్చాయి. అప్పుడు తల్లి, ఊరికి అవతలి కొసన ఉన్న చెవిటి పిల్లల బడిలో దాన్ని చేరుస్తానని నోటీసు పంపింది. మెకానిక్కుకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూతుర్ని మామూలు బడిలో, మామూలు పిల్లల మధ్య చూడాలని అతని ఆశ. నేరుగా లాయరు దగ్గరికి వెళ్ళి, పాపను పూర్తిగా తనకే అప్పగించమని పిటిషను వేయించాడు. ఎదుటి పక్షం ఊరుకుంటుందా? అత్తగారు అతని మీద ఏడు పేజీల అఫిడవిట్టు ఇచ్చింది. అల్లుడి కోపం, మొండితనం, పాప పుట్టినరోజున సైగల పుస్తకాన్ని అటక మీద పడేసిన వైనం, అన్నీ తేదీలతో సహా రాసింది. ఆవిడ ముప్పై ఆరేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎవరు ఎవరితో ఏమన్నారో గుర్తుపెట్టుకోవడంలో ఆవిడకు ఆవిడే సాటి.

వాయిదా రోజున జడ్జిగారు పాపను, సైగల భాష తెలిసిన ఒకావిడను తన గదిలోకి పిలిపించుకున్నారు. తలుపు మూసుకుంది. బయట వరండాలో ఈ కొసన మెకానిక్కు, ఆ కొసన తల్లీ అమ్మమ్మా. గోడకు చెవి పెట్టి ఏ రహస్యమైనా లాగేసేవాడు, ఆ గోడ ముందు మాత్రం ఏమీ చేయలేక నిలబడ్డాడు. లోపల పాప మాట్లాడేది చేతులతో కదా!

కాసేపటికి అందరినీ లోపలికి పిలిచారు. జడ్జిగారు నడివయసు మనిషి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అడిగారు.

"మీ అమ్మాయి ఇప్పుడు నాతో ఇరవై నిమిషాలు మాట్లాడింది. నన్ను రెండుసార్లు నవ్వించింది కూడా. మీతో ఎప్పుడైనా ఇరవై నిమిషాలు మాట్లాడిందా?"

మెకానిక్కు తన లాయరు వైపు చూశాడు.

"మా నాన్న మంచివాడే అంది. కాకపోతే ఆదివారం నేను టీవీ చూస్తాను, నాన్న నన్ను చూస్తాడు, అయిదు ఎప్పుడవుతుందా అని ఇద్దరం గడియారం చూస్తాం అంది. నాన్నకి నా భాష రాదు అంది." జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "పాప కొత్త బడిలో చేరుతుంది. మీ పిటిషను నేనిప్పుడే కొట్టేయడం లేదు. నాలుగు నెలలకు వాయిదా వేస్తున్నాను. ఈలోపు ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

బయటికి రాగానే లాయరు "పైకోర్టుకి వెళ్దాం సార్, జడ్జిగారు ముందే ఒక అభిప్రాయానికి వచ్చేశారు" అన్నాడు. మెకానిక్కు తల ఊపాడు గానీ ఆ మాటలు అతని బుర్రకెక్కలేదు. గడియారం మాటే చెవిలో జోరీగలా తిరుగుతోంది.

మర్నాడు పదకొండు అంతస్తుల ఆఫీసు భవనంలో పని పడింది. పై గదిలో మోటారు హోరు. అక్కడ ఇతను, ఒక అంతస్తు కింద తెరిచిన లిఫ్టు తలుపు దగ్గర లావుపాటి మెకానిక్కు. లిఫ్టు నడిచే షాఫ్టులోంచి తొంగిచూస్తే ఒకరికొకరు కనపడతారు గానీ, మాట వినపడదు. అందుకని అలవాటుగా చేతులు తిప్పుకుంటున్నారు. అరచేయి చూపిస్తే ఆపు, వేలు గుండ్రంగా తిప్పితే నెమ్మదిగా దించు, పిడికిలి బిగిస్తే తాడు పట్టింది. అలా అరగంట గడిచాక కిందనుంచి లావుపాటి మనిషి పొట్ట నిమురుకుని, రెండు వేళ్ళు నోటి దగ్గర ఆడించాడు. ఆకలేస్తోంది, తినొద్దామా అని. మెకానిక్కు 'పది నిమిషాలు ఆగు' అని పది వేళ్ళూ చూపించాడు. చూపించిన చేతుల్ని అలాగే గాల్లో ఉంచి నిలబడిపోయాడు.

పదిహేనేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే. ఆ లావుపాటి మనిషితో చేతులతో జోకులు కూడా వేసుకున్నాడు. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి ఆ చేతులే పడిపోయాయి.

"ఏంట్రా, కరెంటు కొట్టిందా?" అని కిందివాడు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు.

"కొట్టిందిరా" అన్నాడు మెకానిక్కు. "ఆలస్యంగా కొట్టింది."

పాప చేరిన బడిలోనే శనివారం నాలుగింటికి పెద్దవాళ్ళకు సైగల తరగతి జరిగేది. మెకానిక్కు యూనిఫారం మీదే వెళ్ళాడు. చిన్నపిల్లల గది అది. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి బెంచీలు. వెనక వరసలో ఒక్కటే చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

అత్తగారు.

ఆవిడా చూసింది. ఆవిడ ముఖంలో మొదట కోపం కనపడింది, తర్వాత దొరికిపోయిన దొంగ చూపు కనపడింది. కూతురు సైగలు చేస్తుంటే అర్థమైనట్టు నవ్వడమే గానీ, నోటితో బతికిన ఆ మనిషికి ఇన్నేళ్ళయినా మనవరాలితో మాట్లాడటానికి నాలుగు సైగలు కూడా సరిగా రావు. ఆ విషయం కూతురికి తెలియకుండా నేర్చుకుందామని వచ్చింది.

టీచరు పాతికేళ్ళ అమ్మాయి. ఆమెకూ వినపడదు. తరగతిలో ఒకే నియమం, నోరు విప్పకూడదు. విప్పినవాళ్ళు పది నిమిషాలు నిలబడాలి. పక్కపక్కన కూర్చున్నవాళ్ళే జత. బెంచీ మారడానికి వీల్లేదు.

కోర్టు కాగితంతో పెళ్ళి రద్దయింది గానీ, వరస పిలుపు రద్దుచేసే కాగితం ఎవరూ ఇవ్వలేదు. అత్తయ్యా అనాలో, అండీ అనాలో తెలియక రెండేళ్ళుగా ఆవిడ ముందు నోరు కట్టేసుకున్న మనిషికి ఈ నియమం ఒకరకంగా వరమే అయింది.

మొదటి పాఠం, పొద్దున ఏం తిన్నావో పక్కవాళ్ళను అడగడం. అత్తగారు ముఖం పక్కకు తిప్పుకుని అడిగింది. టీచరు వచ్చి ఆవిడ గడ్డం పట్టుకుని అతనివైపు తిప్పింది. ఈ భాషలో ముఖం చూడకుండా మాట్లాడటం కుదరదు. అతను జవాబు చెప్పాడు. టీచరు పగలబడి నవ్వి బోర్డు మీద రాసింది, 'మీరు చెప్పుల జత తిన్నారట'. అత్తగారు ఆపుకోలేక "ఆకలేసుంటుంది పాపం!" అని పైకే అనేసింది. పది నిమిషాలు నిలబడింది.

మూడో వారం టీచరు ప్రతివాళ్ళకీ సైగ పేరు ఉండాలంది. చెవిటివాళ్ళ లోకంలో ప్రతి మనిషికీ ఒక సైగే పేరు. మెకానిక్కు తనకు లేదని తల అడ్డంగా ఊపాడు. అత్తగారు అతని మోచేయి తట్టింది. నీకుంది, పాప ఎప్పుడో పెట్టింది అని చేతులతోనే చెప్పి, రెండు వేళ్ళతో నుదుటి మీద చర్మాన్ని ముడిచి చూపించింది. చిటపటలాడే నుదురు. ఇన్నాళ్ళూ కూతురు తనను ఏమని పిలుస్తోందో అతనికి అప్పుడు తెలిసింది.

ఆరో వారం, పక్కవాళ్ళతో ఇప్పటిదాకా చెప్పనిది ఏదైనా చెప్పమంది టీచరు. అత్తగారు ఒళ్ళో ఉన్న చేతిసంచీ తీసి కింద పెట్టింది. తర్వాత మెల్లగా, ఒక్కో సైగా వెతుక్కుంటూ చెప్పింది. "నేను కోర్టుకి నీ గురించి చెడు రాశాను. సగం నిజం."

మెకానిక్కు నాలుగు వేళ్ళు చూపించి, ఒకటి మడిచాడు. "కాదు. నాలుగింట మూడొంతులు నిజం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో టీచరుకు అర్థం కాలేదు. తరగతి అయ్యాక మెట్ల దగ్గర అతను మొదటిసారి నోరు విప్పాడు. "బస్సు దాకా దిగబెట్టనా అత్తయ్యా?"

"పద బాబూ. మోకాళ్ళు పట్టేశాయి. ఆ బెంచీలు మనుషులకా, కోడిపిల్లలకా?"

ఆదివారాలు ఒక్కసారిగా ఏమీ మారిపోలేదు. మొదటిసారి అతను చేతులెత్తి ఏదో చెప్పబోతే పాప నిర్ఘాంతపోయి చూసి, పకపకా నవ్వి, గదిలోకి పారిపోయింది. అతను గుమ్మం బయట నేల మీద కూర్చుని అదే వాక్యం మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నాడు. పావుగంటకు అది బయటికొచ్చి, వంకరపోయిన అతని బొటనవేలిని సరిచేసింది. ఆ రోజునుంచి అదే పంతులమ్మ. జాలీ దయా లేని పంతులమ్మ. తప్పు చేస్తే చేతిమీద చిన్న దెబ్బ. టీవీ మాట ఇద్దరూ మర్చిపోయారు.

మూడో నెలలో ఒక ఆదివారం పాప అడిగింది, నువ్వూ అమ్మా ఎందుకు విడిపోయారని. మెకానిక్కుకి వచ్చినవి మహా అయితే రెండొందల సైగలు. పెద్దవాళ్ళు ఇలాంటి ప్రశ్నలకు చెప్పే డొంకతిరుగుడు జవాబులకు ఆ సరుకు చాలదు. చిన్న మాటలే వచ్చినవాడు అబద్ధం చెప్పడం కష్టం.

"అమ్మ తప్పు లేదు. నీ తప్పు లేదు. అమ్మ చెప్పింది నాన్న వినలేదు" అని చెప్పాడు. 'వినలేదు' దగ్గర అతని వేళ్ళు చెవి దగ్గర కాసేపు ఆగిపోయాయి.

పాప అతన్ని వింతగా చూసింది. "నీకూ వినపడదా?" అని అడిగింది.

"అప్పుడు వినపడేది కాదు" అన్నాడు. పాప అతని వేళ్ళ మధ్య తన వేళ్ళు దూర్చి కూర్చుంది. చేతులు రెండూ చిక్కుకుపోయాక ఇక మాటలు లేవు.

నాలుగు నెలల వాయిదా వచ్చింది. కోర్టు వరండాలో ఈసారి అతను తానే ఆ కొసకు నడిచి వెళ్ళాడు. మాజీ భార్య ఫైలును గుండెకు అదుముకుని నిలబడింది.

"పిటిషను వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు. "ఆ బడే మంచిది. ఆదివారంతో పాటు బుధవారం సాయంత్రం కూడా పాపను నాతో పంపుతావా? బడినుంచి నేనే తీసుకొస్తాను. ఎనిమిదింటికల్లా మీ ఇంటి దగ్గర దిగబెడతాను."

ఆమె వెంటనే కరిగిపోలేదు. "ఎన్నాళ్ళుంటుంది ఈ ఉత్సాహం? మిషన్లు కొన్నప్పుడూ ఇంతే ఉత్సాహం నీకు."

"నిజమే" అన్నాడు. ఆ జవాబు ఆమె ఎదురుచూసింది కాదు.

"శనివారం తరగతి ఒక్కటి కూడా మానలేదే" అంది అత్తగారు పక్కనుంచి.

"నీకెలా తెలుసమ్మా?"

అత్తగారు నాలుక కరుచుకుంది. తర్వాత చేతులెత్తి, తప్పుల్లేకుండా, కూతురితో సైగ చేసింది. "ఒకే బెంచీ." కూతురు తల్లి చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. ఫైలు ఆమె పట్టులోంచి జారి కాగితాలు వరండా అంతా పరుచుకున్నాయి. ముగ్గురూ వంగి ఏరారు.

"మూడు నెలలు చూద్దాం" అంది ఆమె లేస్తూ. "ఒక్క బుధవారం తప్పినా మళ్ళీ ఆదివారాలే."

జడ్జిగారు ఇద్దరి ఒప్పందం చదివి, సవరణ లేకుండా సంతకం పెట్టారు. మూడు నెలలు దాటాయి, ఏడాది దాటింది. సెలవుల్లో సగం రోజులు పాప అతని దగ్గరే ఉంటోంది. మొగుడూ పెళ్ళాం మళ్ళీ కలవలేదు, కలవాలన్న కోరికా ఇద్దరిలో లేదు. ఇప్పటికీ పాప విషయంలో గొడవ పడతారు. ఒంటరిగా బస్సెక్కనివ్వాలా వద్దా అని నిన్నగాక మొన్ననే పెద్ద రభస. వేరే ఇళ్ళల్లో పిల్లలకు వినపడకుండా పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. వీళ్ళు మాత్రం గొంతు చించుకుని అరుచుకుంటూ చేతుల్ని జేబుల్లో దాచుకుంటారు. అయినా పాపకు తెలిసిపోతుంది. అతని నుదురు ముడి పడిందంటే చాలు, వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి "ఒకరి తర్వాత ఒకరు" అని సైగ చేస్తుంది.

బుధవారం సాయంత్రాలు ఆ బడి వీధిలో వెళ్ళేవాళ్ళు ఒక తమాషా చూస్తుంటారు. యూనిఫారం వేసుకున్న ఒక మనిషి, వీపుకు బడి సంచీ తగిలించుకుని, ఫుట్‌పాత్ మీద వెనక్కి వెనక్కి నడుస్తూ పోతుంటాడు. ఎదురుగా పాప, రెండు చేతులూ ఆడిస్తూ, తరగతిలో ఎవరు ఎవరితో పోట్లాడారో ఆపకుండా చెబుతుంటుంది. పక్కన నడిస్తే దాని చేతులు సరిగా కనపడవని అతని బాధ. సగం అర్థం కాదు. మళ్ళీ చెప్పమంటాడు. అది విసుక్కుంటుంది, కళ్ళు తిప్పుతుంది, మొదటినుంచీ మళ్ళీ చెబుతుంది. మొన్న అలా వింటూ వింటూ వెళ్ళి దీపస్తంభానికి గుద్దుకున్నాడు. పాప కథ మధ్యలో ఆపి, అతని తల వెనక తడిమి చూసి, బొప్పి కట్టలేదని తేల్చుకుని, ఆపిన చోటినుంచి ఎత్తుకుంది.