కానుక కవరులో బయటపడ్డ ఇల్లు

మా విడాకుల కేసులో నా మాజీ భర్త తెనాలి కోర్టుకు ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్ చదివితే ఎవరికైనా కన్నీళ్ళు ఆగవు. ఒక పాత స్కూటరు, అద్దె షాపులో అమ్ముడుపోని నాలుగు నీళ్ళ మోటార్లు, బ్యాంకు అప్పు. అంతే. పన్నెండేళ్ళు కాపురం చేసిన నాకే జాలేసి, ఏదైనా సాయం చేద్దామా అనిపించింది. చేసిన సాయం అప్పటికే ఎక్కువైంది కాబట్టి ఊరుకున్నాను.

ఆ సాయం మా అమ్మ నాకు పెట్టిన బంగారం. ఒక గొలుసు, ఆరు గాజులు. షాపు మునిగిపోతోందని అతను నా చేతులు పట్టుకుని ఏడిస్తే, ఆ చేతులకున్న గాజులూ, మెడలో గొలుసూ తీసి ఇచ్చాను. తర్వాత షాపు మునిగిందన్నాడు, బంగారమూ అందులోనే పోయిందన్నాడు. విడాకులు వచ్చేశాయి. నేను బాపట్లలో టీచరుగా చేస్తూ ఒక్క గదిలో అద్దెకుంటున్నాను. కోర్టులో మిగిలింది బంగారం సంగతే.

"ఆయన దగ్గర ఏమీ లేకపోతే జడ్జిగారు మాత్రం ఎక్కణ్ణుంచి ఇప్పిస్తారమ్మా?" అని మా లాయరు పెదవి విరిచాడు.

ఆ ఏడు కోతల పండుగకు రేపల్లెలో మా పిన్ని వాళ్ళ చర్చికి వెళ్ళాను. మా అత్తగారిదీ అదే చర్చి. ఆవిడ ముందు వరసలో, నేను చివర తలుపు పక్కన. మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. దేవుడు మేలు చేస్తే కానుకను కవరులో పెట్టి, ఆ మేలేమిటో కవరు మీద రాయాలి. పాస్టరు అయ్యగారు దాన్ని మైకులో చదివి ప్రార్థన చేస్తారు. గేదె ఈనినందుకు, మోకాలి నొప్పి తగ్గినందుకు, మనవడికి పాలిటెక్నిక్ సీటు వచ్చినందుకు. ఆ వరసలోనే మా అత్తగారి పేరు వచ్చింది.

"నా కుమారుడు నా పేరున మన ఊళ్ళో డాబా ఇల్లు కొన్నందుకు దేవునికి కృతజ్ఞతలు" అని అయ్యగారు చదివారు.

సంఘమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

ఎవరికీ చెప్పొద్దని కొడుకు ఆవిడ దగ్గర మాట తీసుకున్నాడట. దేవుడికి చెప్పడం కూడా చెప్పడమేనని ఆవిడకు తోచలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే, కన్నతల్లే ఆ సంగతి మైకులో చదివించింది.

బయట కానుకగా వచ్చిన గుమ్మడికాయలు వేలం పాడుతుండగా ఆవిడను పట్టుకున్నాను.

"ఆ ఇల్లు దేంతో కొన్నారో తెలుసా అత్తయ్యా?"

"షాపులో లాభం వచ్చిందన్నాడమ్మాయ్."

"షాపు మునిగిందని కోర్టులో ప్రమాణం చేశారండి. అది లాభం కాదు, మా అమ్మ బంగారం."

ఆవిడ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు.

"అయితే ఇందాక నేను దేవుడికి దేని గురించి కృతజ్ఞతలు చెప్పినట్టు?" అన్నారు. ఆవిడ ఏడుస్తుంటే, అన్నాళ్ళూ దాచుకున్న తిట్లు ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు.

నెల తిరక్కుండా ఆవిడే నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మన్నారు. సగం ఇల్లు నా పేరున దానపత్రం రాయించారు. సంగతి ఎలా తెలిసిందో, తెనాలి నుంచి అతను ఊడిపడ్డాడు.

"ఆ ఇల్లు నాది! ఇవ్వడానికి అమ్మకేం హక్కుంది?" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచాడు.

నాతో వచ్చిన మా లాయరు సంచిలోంచి అతని అఫిడవిట్ తీశాడు.

"అలాగేనండి. ఇల్లు మీదేనని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి, జడ్జిగారికి చూపిస్తాం" అన్నాడు ఎంతో మర్యాదగా.

అతను ఆ కాగితాన్ని చూశాడు, తల్లిని చూశాడు, వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

బయటికొచ్చాక అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. బతుకంతా అద్దె ఇళ్ళలో గడిపిన మనిషి.

"అమ్మాయ్, ముందు గది నీ వాటాలోకి వచ్చింది. వీధి కనిపిస్తుందని నేనందులో మంచం వేసుకున్నాను. నన్ను ఉండనిస్తావా?"

మంచం కదపొద్దన్నాను. వాళ్ళింట్లో పన్నెండేళ్ళు కోడలిగా ఉన్నాను, ఏ కూర వండాలో కూడా నన్నెవరూ అడగలేదు. ఒక్క మాట అడిగించుకోవడానికి విడాకులు తీసుకోవాల్సి వచ్చింది.