మా అన్న ఎక్కిన ఓడ

యుద్ధానికి పోయిన మా అన్న సముద్రంలో కనపడకుండా పోయినాడని మా ఊరు ఐరాలకు ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. బడి అయివారు చదివి చెప్పినాడు. ఏ ఓడో, ఏ సముద్రమో ఒక్క ముక్క లేదు. "ఓడ పేరన్నా చెప్పకూడదా మే?" అనింది మా అమ్మ నాతో.

యుద్ధం ముగిసినాక చిత్తూరులో సైన్యం ఆఫీసుకు పోయినాను. "అది రహస్యం," అన్నాడు గుమాస్తా.

"యుద్ధం అయిపోయింది కదా సార్?"

"ఆడపిల్లవు, నీకెందుకు ఈ ఓడల గొడవ?"

నాలుగు సార్లు తిరిగినాను. ఆయన ఎదురుగానే లావుపాటి రిజిస్టరు ఉండాది. దాన్ని తెరవను ఆయనకు చెయ్యి రాలేదు. బల్ల మీదికెక్కి నేనే లాక్కుందామా అన్నంత కోపమొచ్చింది.

ఆ ఆఫీసు అరుగు మీదనే ఒకాయన, చంద్రగిరిలో మా అన్న దళం మనిషి ఒకడు బతికొచ్చినాడని చెప్పినాడు. ఆ పొద్దే పోయినాను. నేను ఎవరి చెల్లెలినో చెప్పంగానే ఆ సిపాయి తల వంచుకున్నాడు.

"ఓడ మీద పేరు కనపడకుండా బూడిదరంగు పూసేసినారు పాపా. కానీ పింగాణీ తట్టల మీద పాత పేరు అట్లే ఉండింది," అని ఆ పేరు చెప్పినాడు. యుద్ధానికి ముందు దొరలు వాళ్ళ ఇంగ్లండు సీమకు పోయొచ్చే ఓడంట అది. దొరసానులు డాన్సులాడిన చావడిలో ఆఫీసర్లకు మంచాలు వేసినారు. మనవాళ్ళకు మాత్రం అడుగున, సామాన్లు నింపే చోట. పైకి రాను ఒకటే నిచ్చెన.

"బాంబు తగలంగానే పైనుంచి తలుపు మూసేసినారు. నీళ్ళు మిగతా ఓడలోకి రాకూడదని."

"లోపల మనుషులుండారని తెలీదా?"

"తెలుసు పాపా."

"నువ్వెట్ల బతికినావు మరి?" అని కొట్టినట్టు అడిగినాను.

"వంటపనికి పైకి పిలిచినారు. మీ అన్న జ్వరంతో కింద పడుకొని ఉండినాడు." ఆయన ఏడుస్తా ఉంటే సిగ్గేసింది. అయినా కోపం దిగలేదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పినాను, ఏమీ దాచలేదు. ఆమె ఏడవలేదు. తెల్లారినాక నాతో చిత్తూరికి వచ్చి, గుమాస్తా ముందర నిలబడింది. నేను ఓడ పేరు చెప్పంగానే ఆయన ముఖం మారింది. "మీకెవరు చెప్పినారు?" అన్నాడు. అంటే ఆయనకు ముందే తెలుసు.

మా అమ్మ, "పేరు తెలిసింది లేప్పా. తలుపు ఎవరు మూసినారో అది రాసియ్యి," అనింది.

ఆయన లేచి లోపలికి పోయినాడు. ఆఫీసు మూసేదాకా మేము బల్ల ముందర నేల మీద కూర్చున్నాము. ఆయన మళ్ళీ బయటికి రాలేదు.