ఖాదర్ భాయ్ సుద్దగీత

లారీ బరువు మోసే కమాను పట్టీ మీద సుత్తి పడితే వచ్చే మోత బొంగురుగా ఉంటుంది, లోపలికి పోతున్నట్టు. మొన్న ద్వారకా నగర్‌లో లైబ్రరీ నుంచి బయటికి వస్తుంటే ఏదో షెడ్డులోంచి ఆ మోత వినిపించి ఆగిపోయాను. వన్‌టౌన్‌లో లారీల కమాన్లు కట్టే ఖాదర్ భాయ్ పోయి చాలా ఏళ్లయింది.

తొంభైల చివర్లో నేనొక పాత పికప్ కొన్నాను. ఇంజను బలం వెనక చక్రాలకే అందే బండి. పొద్దున్నే యారాడ సముద్రపొడ్డున ఆడవాళ్ల చేపల తొట్టెలు ఎక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కు చేర్చేవాణ్ణి. తారు రోడ్డు దాటితే బండి కడుపు ఇసుకకు ఆనేది. అందుకని వాళ్లు పడవ నుంచి రోడ్డు దాకా తొట్టెలు మోసుకొచ్చేవారు. ఆ బరువు తప్పించాలని లైబ్రరీలో మూడు పుస్తకాలు తిరగేసి, బండిని నాలుగు అంగుళాలు లేపాలని నోటుబుక్కులో బొమ్మ గీసుకుని ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని బొమ్మ చూశాడు. "ఇంత సదివినోడివి, లెక్క తప్పుతావేటి బావా. సేసేద్దాం," అన్నాడు. కమాన్లకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి, ముందువైపు పట్టీలు పెంచి, రెండు రోజుల్లో లేపాడు.

మర్నాడు బండి పడవ దాకా వెళ్లింది. గర్వంగా దిగాను. ఆ ఆడవాళ్లలో వయసులో పెద్దది అప్పలమ్మ. తోడు మనిషితో కలిసి తొట్టె ఎత్తింది. బండి అంచు అందక తొట్టె ఒరిగి చేపలు ఇసుకలో పడ్డాయి.

"బండికి పొడుగు కాళ్లు ఎట్టించినావు బాబూ. మా సేతులకీ ఏటైనా ఎట్టించకపోయినావా?" అంది.

అందరూ నవ్వారు. పదో తొట్టెకు ఆ నవ్వు లేదు. చివరికి అప్పలమ్మ భుజం రుద్దుకుంటూ, "రేపట్నించి ఆటోకేసుకుంటాం. నీ బండి మంచిదే, మా రెక్కలే సాలవు," అంది. ఆ తొట్టెలు తప్ప నాకు వేరే బాడుగ లేదు.

ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లి, పుస్తకంలో అలాగే ఉందన్నాను.

"పుస్తకం తప్పు కాదు. నీ ఒక్కడి తప్పూ కాదు. ఎవులు ఎత్తుతారో నాను అడగాల. అడగనేదు."

మర్నాడు నాతో యారాడ వచ్చాడు. ఈ ఒక్కరోజూ ఎక్కించమని అప్పలమ్మను బతిమాలాడు. ఆమె మొదటి తొట్టె ఎత్తినప్పుడు సుద్దముక్క చేతిలోనే ఉంచుకున్నాడు. గీయమన్నాను.

"మొదటిది ఎవులైనా ఎత్తుతారు. ఆగు."

ఇరవయ్యో తొట్టెకు ఆమె చేతులు మధ్యలో ఆగగానే, "అక్కడ ఆపమ్మా, ఇంక ఎత్తకు," అని, తొట్టె అడుగు ఆగినచోట బండి రేకు మీద గీత గీశాడు. బండి అంచుకు రెండంగుళాలు కింద పడింది.

ఆ రెండంగుళాలూ దించేశాడు. టైర్లలో కొంచెం గాలి తీసి ఇసుకలోకి దిగమన్నాడు. లాగేవి వెనక చక్రాలే కాబట్టి, మొదటి తొట్టెలు సరిగ్గా వాటిమీదికి వచ్చేలా పేర్చమన్నాడు. అయినా బండి పడవకు పదడుగుల ముందే ఆగిపోయేది.

"పదడుగులు నడుత్తాంలే బాబూ," అంది అప్పలమ్మ. ఆటో మాట మళ్లీ రాలేదు.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. నాలుగు అంగుళాలు అన్నచోట కొట్టివేత, పక్కన 'అప్పలమ్మ, ఇరవయ్యో తొట్టె' అని నా రాత. ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తాను. ఏ పుస్తకంలోని కొలత రాసుకున్నా, పక్కన ఒక మనిషి పేరుకు చోటు వదులుతాను.