మనిషి కూసున్న జాగ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకనాడు రాస్తారోకో వల్ల మా బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగిపోయింది. ఎల్బీనగర్ దాకా నడవక తప్పలేదు. బస్సు దిగిన ఒక పెద్దాయన నా బ్యాగొకటి అందుకుని తోడుగా నడిచారు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. కాలం చెల్లిన యుద్ధ విమానాన్ని ఓ కాలేజీ ఆవరణలో నిలబెడితే, ఇప్పుడు దాన్ని ఆయనే చూసుకుంటున్నారు.

"ఇంజన్ తీసేసిన్రమ్మా. సీటు గూడ తీస్తమన్నరు. నేనే ఒద్దన్న. మనిషి కూసున్న జాగ గద."

"మా అన్నయ్య పైలటండీ. అలాంటి విమానం కూలిపోయే చనిపోయాడు. తను కూర్చునే చోటు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు," అన్నాను.

ఆయన ఉద్యమకారుల నినాదాల మధ్యే ఆగి నా వైపు చూశారు. "ఐతారం రా బిడ్డా," అని కాలేజీ దారి చెప్పారు.

ఆదివారం వెళ్లేసరికి ఆయన లేరు. చుట్టాలెవరో పోతే ఊరికి వెళ్లారట. విమానానికి నిచ్చెన మాత్రం ఆనించి ఉంది.

"ఒక పైలట్ చెల్లె ఒస్తది, జర సేపు కూసోనియ్యిన్రి అని చెప్పిపోయిండు," అన్నాడు వాచ్‌మన్.

లోపల సీటు శుభ్రంగా తుడిచి ఉంది. కూర్చుంటే నా మోకాళ్లకే ఇరుకైంది. అన్నయ్య నాకంటే చాలా పొడుగు. అక్కడే కడుపునిండా ఏడ్చాను. ఎవరూ దిగమనలేదు. అదంతా ఆ పెద్దాయన చలవే.