పటానికి రెండు కొక్కేలు

పుంగనూరులో పటాలు కట్టే అతను ఏ ఫొటో చేతికిచ్చినా మొదట ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఉండేవాళ్లదా, పోయినోళ్లదా?" పోయినవాళ్లదైతే చట్రం పైఅంచున పూలమాల తగిలించడానికి రెండు ఇత్తడి కొక్కేలు బిగించేవాడు. ఉన్నవాళ్ల పటానికి బిగించేవాడు కాదు. ఆ నియమాన్ని మా ఊళ్లో ఎవరూ ప్రశ్నించగా నేను వినలేదు. ప్రశ్నించింది నేనే.

రెండువేల దశకం చివర, మదనపల్లెలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ డిబేట్లలో ఏ పక్షం ఇచ్చినా నిలబెడతానన్న పేరుండేది. శాంతిపురం దగ్గరి పల్లెలో మా పెదనాయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అన్న, అంతకు రెండేళ్ల ముందే బెంగళూరుకు గ్రానైట్ పనికి పోయి, మళ్లీ కనిపించలేదు. తండ్రి చితికి నిప్పు పెట్టడానికి కూడా రాలేదు. ఏడాది తిథి నాడే అన్నకు కూడా దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించేయాలని మా అత్త, అంటే పెదనాయన చెల్లెలు, పట్టుబట్టింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"వాని శవాన్ని సూసినోళ్లు ఎవురన్నా ఉండారా? ఉంటే పిలుసుకోని రాండి" అనేది.

నా దృష్టిలో అది తిరుగులేని వాదం. నేను ఆమె పక్షం.

ఆమె కోసమే ఫొటోలు మారే ఫ్రేము ఒకటి స్వయంగా చేయాలనుకున్నాను. కంప్యూటరంతా ఒకే పలక మీద ఇమిడిన చిన్న బోర్డు ఒకటి ప్రాజెక్టు కోసం బెంగళూరులో కొన్నది నా దగ్గర ఉండింది. పాడైన ల్యాప్‌టాప్ నుంచి తెర విప్పాను. ఆ రెంటికీ పొత్తు కుదరడానికి మూడు వారాలు పట్టింది. మా కుటుంబ ఆల్బమ్‌లోని ఫొటోలను డిజిటల్ కెమెరాతో మళ్లీ తీసి, ముఖాలన్నీ తెర మధ్యకు ఒకే కొలతలో వచ్చేలా కత్తిరించాను. కరెంటు రాగానే మొదలై, పది సెకన్లకొక ఫొటో మారేలా ప్రోగ్రాము రాశాను. ఏది ముందో ఏది వెనుకో తెలియడానికి అంకెలు వేశాను. మొదట పెదనాయన, వెంటనే అన్న. తండ్రి పక్కన కొడుకు ఉండాలనుకున్నాను.

చట్రం కట్టించడానికి తీసుకుపోతే అతను అలవాటు ప్రకారం అడిగాడు.

"ఇందులో రెండు రకాలవాళ్లూ ఉంటారు" అన్నాను.

"రెండూ ఒగదాంట్లో పెట్టకూడదమ్మా."

"ఎందుకు?"

"ఎందుకంటే... పెట్టరు."

"పెట్టరన్నది కారణం కాదు కదప్పా. పాత పెళ్లి ఫొటోలో సగంమంది పోయినవాళ్లే. దానికి పటం కట్టవా?"

అతను నవ్వాడు. "నిన్ను చేసుకునేవానికి ఇంట్లోనే కోర్టు" అంటూ కొక్కేలు బిగించాడు. గెలిచిన సంతోషంతో బస్సెక్కాను.

తిథి నాడు పొద్దున ఫ్రేమును పెద్దమ్మ ఇంట్లో గోడకు తగిలించి ప్లగ్గు పెట్టాను. పెదనాయన కనిపించాడు. అత్త కొక్కేలకు చామంతిమాల వేసి, అద్దం మీద ఆయన నుదురున్న చోట వేలితో కుంకుమబొట్టు పెట్టింది. అందరూ చేతులు జోడించారు.

పది సెకన్లయింది. పెదనాయన పోయి అన్న వచ్చాడు. కుప్పం స్టూడియోలో తెల్లచొక్కాతో, నవ్వు ఆపుకుంటూ దిగిన ఫొటో. మెడ చుట్టూ చామంతిమాల. బొట్టు సరిగ్గా నుదుటి మధ్యన.

"సూసినావా వదినా?" అంది అత్త. "మేం చెప్తే ఇనలేదు. ఇప్పుడు వాళ్ల నాయనే చెప్తాండాడు."

"అది శకునం కాదత్తా" అన్నాను. "పది సెకన్లకొకటి మారుతుంది. అంకెల వరస, అంతే."

పెద్దమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆ వరస ఎవురు పెట్టినారు పాపా?"

"నేనే పెద్దమ్మా."

"వాళ్ల నాయన ఎనకాలే వాణ్ణి పెట్టింది నువ్వేనా?"

"నేనే. కానీ..."

"నువ్వు సదువుకున్నదానివి. తెలీకుండా పెట్టవు."

గొంతులో కోపం లేదు. ఇన్నాళ్లూ తనతో నిలబడిన ఒక్క మనిషీ ఇప్పుడు నిజం చెప్పిందని ఆమె నమ్మింది. ఆమె అత్త వైపు తిరిగి, "కానీండి" అంది.

తెర మీద అప్పటికి మా నాయన వచ్చి పోయాడు. తర్వాత నేను వచ్చాను. అదే మాల, అదే బొట్టు. అటు ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం దర్భబొమ్మను కాల్చారు. ప్లగ్గు నేనే పీకాను. బయలుదేరేటప్పుడు పెద్దమ్మ ట్రంకుపెట్టెలోంచి ఆ స్టూడియో ఫొటో తీసి, పటం కట్టించుకొని రమ్మని ఇచ్చింది.

మరునాడు పుంగనూరులో అతను ఫొటో అందుకుని, తుడిచి, అడిగాడు: "ఉండేవాళ్లదా, పోయినోళ్లదా?"

నేను అతని చేతిలోని ఫొటోనే చూస్తూ నిలబడ్డాను. చివరికి అతను చట్రం మాత్రం కట్టి, రెండు కొక్కేలను కాగితంలో పొట్లం చుట్టి చేతిలో పెట్టాడు.

"ఇంటికాడ కొట్టుకోండమ్మా" అన్నాడు.