నాలుగు సెకన్ల గుయ్యి

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేస్తాను. నిజంగానే కొండ ఎదురైతే దాని నెత్తిన ఇంకో కొండ పెడతాను. మా ఆవిడ నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అలాగే కానివ్వండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. పాత గ్రామఫోన్ రికార్డులను దాంట్లోకి ఎక్కించి, గీరలూ చిటపటలూ తీసేసి సీడీలు చేయడం నేర్చుకున్నాను. మా చుట్టాల్లో ఈ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఆంధ్రదేశంలోనే నేనొక్కణ్ణని చెప్పుకు తిరిగాను. అది దర్శి దగ్గర పల్లెలో ఉన్న మా మేనత్త చెవిన పడింది. పాత చీరముక్కలో చుట్టిన రికార్డు ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేసింది.

"ఒరేయ్ అల్లుడూ, దీన్ని సీడీ చెయ్యి. మనవరాలు కీబోర్డు క్లాసుకి పోతోంది. నేనూ వాయించేదాన్నేనే అంటే, ఊరుకో అమ్మమ్మా, కోతలు కొయ్యకు అంటోంది."

"కోతలు మన ఇంటి ఆస్తి కదత్తా."

"ఆ ఆస్తంతా నీకే వచ్చిందిరా. నాకేం మిగల్లేదు."

పెళ్ళికి ముందు మా అత్త ఒక నాటకాల సమాజంలో హార్మోనియం వాయించేది. ఆ రోజుల్లో ఒక పద్యం రికార్డుకెక్కింది. రికార్డు మధ్యలో అంటించిన కాగితం మీద పాడినాయన పేరు పెద్దక్షరాల్లో ఉంది. అత్త పేరు చిన్నక్షరాల్లో కూడా లేదు. హార్మోనియం తిత్తిని ఎలుకలు ఏనాడో కొరికేశాయి. ఆవిడ వాయించిందనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ నల్లటి పళ్ళెం ఒక్కటే.

ఆ పళ్ళెం ఇరవై ఏళ్ళు అటక మీద ఎండుమిరపకాయల బస్తాల మధ్య కాపురం చేసింది. చీరముక్క విప్పగానే నేను తుమ్మాను. మా ఆవిడ తుమ్మింది. పక్కింటివాళ్ళు, ఎదురింటి మేడ మీదివాళ్ళు, మొత్తం ఏడిళ్ళవాళ్ళు తుమ్మారు. వీధి చివర పాలాయన గేదె తుమ్మి తాడు తెంపుకుంది.

మధ్యలోని కాగితం తడవకుండా దాని మీద గిన్నె బోర్లించి, షాంపూ చుక్క కలిపిన నీళ్ళతో రికార్డు కడిగాను. అత్త వాళ్ళ చేలో పత్తితోనే తుడిచాను. నీళ్ళు ఎర్రగా దిగాయి, పులుసు పెట్టుకోవచ్చు.

ఇక గుయ్యి మిగిలింది. రికార్డు ప్లేయరు నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే కరెంటు గుయ్యి. దాన్ని వదిలించడానికి ప్లేయరుకీ కంప్యూటర్ డబ్బాకీ మధ్య తీగ కట్టాను. ట్యూబులైటు ఆపాను. ఫ్రిజ్ ఆపాను. గుంటూరులో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కూడా ఆపాను. ఇలాంటి త్యాగం పురాణాల్లో వెతికినా దొరకదు. అయినా రికార్డు మొదట్లో, చిటపటల కింద సన్నగా గుయ్యిమంటూనే ఉంది.

చివరికి కంప్యూటర్‌నే అడిగాను. దాని పద్ధతి తేలిక. ఉత్త రొద మాత్రమే ఉన్న ముక్క ఒకటి చూపిస్తే, అలాంటి రొదను మొత్తం పాటలోంచి ఏరేస్తుంది. పాడినాయన గొంతెత్తక ముందు నాలుగు సెకన్లు ఆ గుయ్యి ఒక్కటే ఉంది. ఇంకేం, అదే చూపించాను. చిటపటల్ని ఒక్కొక్కటే చేత్తో ఏరాను, మొత్తం పన్నెండువేలు. సీడీ తీసుకుని దర్శి బస్సెక్కాను.

అత్తావాళ్ళింట్లో టీవీ కింద వీసీడీ ప్లేయరు ఉంది. మనవరాలు సీడీ పెట్టింది. అత్త మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడమచెయ్యి తిత్తి ఊదుతున్నట్టు, కుడిచేతి వేళ్ళు మెట్ల మీద ఉన్నట్టు తొడ మీద సర్దుకుంది. పద్యం మొదలైంది. గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. వేళ్ళు రెండు మూడుసార్లు కదిలాయి. ఆగాయి. మళ్ళీ వెతుక్కున్నట్టు కదిలి, పూర్తిగా ఆగిపోయాయి.

"బానే ఉందిరా అల్లుడూ," అంది అత్త. "నేనెక్కడరా?"

మనవరాలు నావైపు చూసింది. నేను టీవీవైపు చూశాను.

ఆ నాలుగు సెకన్ల గుయ్యి కరెంటుది కాదు. పాడబోయే ఆయనకు మా అత్త పట్టి ఉంచిన శ్రుతి. నేను దాన్ని రొద అని చూపించాను. చెప్పినమాట వినే కంప్యూటర్ కనక, ఆవిడ ఎక్కడెక్కడ వాయించిందో అక్కడల్లా వెతికి మరీ తుడిచేసింది. ఇక్కడొకటి, అక్కడొకటి మిగిలిన స్వరాలు నీళ్ళలో మునిగినవాడి మాటల్లా బుడబుడమన్నాయి.

గుంటూరు వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రొద ముక్కను చివర్నుంచి తీశాను, పాటా హార్మోనియమూ అయిపోయి, ముల్లు ఊరికే తిరుగుతున్న చోటు నుంచి. ఏరడం కూడా తేలిగ్గానే ఏరాను. కొంచెం బుసబుస మిగిలింది, మిగలనిచ్చాను. ఆ మొదటి నాలుగు సెకన్లు ఎన్నిసార్లు విన్నానో మీతో చెప్పను, చెప్పినా మీరు నాలుగుతో భాగిస్తారు.

వారం తిరక్కుండా మళ్ళీ దర్శి. మళ్ళీ అదే మంచం. ముందు సన్నగా శ్రుతి లేచింది. అత్త ఎడమచెయ్యి కదిలింది. ఆయన పద్యం పాదం ముగించి ఊపిరి తీసుకున్నచోట హార్మోనియం ఆ రాగాన్ని అందుకుని, ఆయన వెళ్ళని ఇంకో మెట్టు మీదికి వెళ్ళి వచ్చింది. అత్త వేళ్ళు తొడ మీద సరిగ్గా అక్కడికే వెళ్ళి వచ్చాయి.

"అమ్మమ్మా, ఇదంతా నువ్వేనా?"

"వాగకే. ముందు విను."

మనవరాలు నోరు మూసుకుని అమ్మమ్మ పక్కన మంచమెక్కింది. అయిపోయాక మళ్ళీ పెట్టింది. మూడోసారి తను కూడా వేళ్ళు ఆడించింది.

ఇక ఒప్పుకోలు. తుమ్ములు నిజం. ఏడిళ్ళో ఐదిళ్ళో, గేదె మాత్రం తుమ్మింది. ఫ్యాను ఆపిందీ నిజం. నేను కల్పించింది ఒక్కటే. "నేనెక్కడరా?" అని మా అత్త అడగలేదు. వేళ్ళు ఆగాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "ఆయన గొంతు ఎంత శుభ్రంగా వచ్చిందిరా, చాలా కష్టపడ్డావు" అంది. చింతకాయ పచ్చడి కట్టిచ్చింది. బస్సు అద్దంకి దాటాక గానీ, ఆ వేళ్ళు ఎందుకు ఆగాయో నాకు తట్టలేదు. ఆ మాట ఆవిడ అడిగి ఉండాల్సింది. అడగలేదు కనక నేనే రాశాను.