బస్సు దిగే కాళ్లు

ఖతార్‌లో మా లేబర్ క్యాంపు ఫుట్‌బాల్ జట్టులో ఒకప్పుడు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడే, తర్వాత ఆ జట్టుకే మేనేజరయ్యాడు. శుక్రవారం ఆటకు జట్టును గురువారం సాయంత్రమే ఎంచేవాడు. మేం పనిచేసే లుసైల్ సైటు నుంచి కంపెనీ బస్సు రాగానే తలుపు పక్కన నిలబడి, దిగేవాళ్ల కాళ్లనే చూసేవాడు. మెట్టు మీద ఎవరి కాలు తడబడినా, "రేపు నువ్వు కూసో తమ్మీ" అనేవాడు. ఎంత బతిమాలినా అంతే.

ఫైనల్‌కు ముందు నన్నూ అలాగే ఆపాడు. నాకు ఒళ్లు మండింది.

"పెద్ద చెప్పొచ్చినవ్. మరి నువ్వెందుకు ఆడుతలేవన్నా?" అన్నాను.

"ఒకనాడు నేను గూడ బస్సు తలుపు రాడ్ పట్టుకొని దిగిన. ఎవ్వలు చూడలే," అన్నాడాయన, నా వెనక దిగుతున్నవాడి కాళ్లు చూస్తూనే. "నేను చూసిన. తెల్లారే నా బూట్లు నీకిచ్చిన."